రంపానికి కాళ్ళు

మేస్త్రి చేతులు వణకడం మొదలై చాలాకాలమైంది. మొదట కుడిచేతి బొటనవేలు ఒక్కటే దాని మానాన అది కదిలేది. తర్వాత చెయ్యంతా, ఆ తర్వాత రెండో చెయ్యి. ఇది తగ్గేది కాదని, మందులతో కొంత అదుపులో మాత్రం ఉంటుందని డాక్టరు దాపరికం లేకుండా చెప్పేశాడు. గేట్లు, కిటికీ కమ్మీలు, చిన్న యంత్రాలకు ఇరుసులు చేసిచ్చే షెడ్డు ఆయనది. వెల్డింగు అప్పటికే కూతురి చేతికి వచ్చేసింది. కొలతలు గీయడమూ ఆమెదే అయింది. ఆయన సుద్దముక్క పట్టుకుంటే గీత రావడం మానేసి చుక్కలు పడుతున్నాయి.

బజారులో ఆయన పేరు అరమిల్లీ. అరమిల్లీ తేడా వచ్చినా, పూర్తయిన గేటునైనా సరే విప్పి మళ్ళీ బిగించే మనిషి. మొహం మీద ఎవరూ అలా పిలిచేవారు కాదు గానీ, ఆయనకు తెలుసు. లోలోపల ఇష్టం కూడా.

చివరికి ఆయనకు మిగిలింది ఒక్క పని, మూలనున్న చిన్న బ్యాండ్‌సా, అంటే ఇనుము కోసే రంపం మిషను దగ్గర. కడ్డీని వైసులో బిగించి, స్విచ్చి వేసి, రంపం చేతిని మెల్లగా దించి వదిలేస్తే చాలు, తన బరువుతో తనే ఇనుమును కోసుకుంటూ పోతుంది. చేతులు వణికినా కోత వణకదు. షెడ్డులో ఆయన చేతులను పట్టించుకోని మిషను అదొక్కటే.

కానీ దాని స్టాండు కొన్ననాటిది, పలచని రేకు కాళ్ళు. తెగిన ముక్క కింద పడ్డప్పుడల్లా మిషను ఒక్క ఊపు ఊగేది. దీనికి గట్టి స్టాండు చేయాలని తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నారు. బయటివాళ్ళ పనులతోనే సరిపోయేది.

ఒక మధ్యాహ్నం ఆయన లావుపాటి ఇరుసు కోస్తున్నాడు. ఈమధ్య నిలబడ్డప్పుడు ఒళ్ళు ముందుకు తూలుతోంది, అందుకని ఒక చెయ్యి మిషను మీద ఆనించి ఉన్నాడు. బరువైన ముక్క తెగి పడింది. రేకు కాలు ఒకటి మడతపడింది. కూతురు గ్రైండరు ఆపి వెనక్కి తిరిగేసరికి మిషను పక్కకు ఒరిగి ఉంది, ఆయన దాని పక్కనే నేల మీద ఉన్నాడు. ఎడమ మణికట్టు విరిగింది. తల ఇంకో జానెడు ఇవతల ఉంటే ఏమయ్యేదో ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అనలేదు.

ఆ పిల్లను తల్లి పోయినప్పటి నుంచి పెంచింది మేనత్త. చేతికి కట్టుతో తమ్ముడు ఇంటికి రాగానే ఆవిడ తేల్చి చెప్పేసింది.

"చాలురా. ఆ ఇనుముతో నీకు రుణం తీరిపోయింది. ఇక ఇంటిపట్టున కూర్చో."

ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మొదట్లో కూతురు ఇంటికి రాగానే "ఇవాళ ఏం కోశావు?" అని అడిగేవాడు. కొన్నాళ్ళకు అదీ మానేశాడు. గడ్డం పెరిగింది. అన్నం దగ్గర చెంచా నోటిదాకా చేరకపోతే మళ్ళీ ప్రయత్నించకుండా పళ్ళెం పక్కకు జరిపేస్తున్నాడు. అది చూసి కూతురు భయపడింది. షెడ్డులో ఆయన పడ్డ రోజు కూడా ఆమెకు అంత భయం వేయలేదు.

"అత్తా, మిషనుకు కొత్త స్టాండు చేస్తున్నా," అంది వంటింట్లో.

"చేసుకో. నాకెందుకు చెప్తున్నావ్?"

"నాన్న కోసం."

మేనత్త చేతిలో గరిటె ఆగిపోయింది. "మతి పోయిందా నీకు? మళ్ళీ అక్కడ నిలబెడతావా మీ నాన్నని?"

"నాన్న పడిపోలేదత్తా. నాన్న పట్టుకున్నది పడిపోయింది. పడనిది చేస్తా."

మర్నాడు మిషనును నేల మీద చెక్కల మీద పెట్టి, దాని ముందు గొంతుకూర్చుని, దాని కాళ్ళకు కావలసిన పైపులు దానితోనే కోసింది. మందపాటి చదరపు పైపు. నడుము పట్టేసింది. కట్టు విప్పాక తండ్రి ఒకరోజు గోడ పట్టుకుంటూ షెడ్డు గుమ్మందాకా వచ్చాడు. కాసేపు చూశాడు.

"కాళ్ళు నిలువుగా పెడుతున్నావా?"

"అవును."

"బయటికి వంచు. అడుగు ఎంత వెడల్పుంటే అంత మంచిది. రంపం చెయ్యి పైకెత్తినప్పుడు బరువంతా వెనక్కి పోతుంది, అటు ఇంకాస్త ఎక్కువ వంచు."

ఆమె వంచింది. చట్రం నేల మీద టకటకమని కదులుతుంటే అతుకు సరిగ్గా పడటం లేదు. బిగించడానికి చేతికి అందేది ఏమీ లేదు. ఆయన వెళ్ళి చట్రం రెండో కొస మీద కూర్చున్నాడు.

"చేతులు పోయాయి గానీ ఒళ్ళు బరువుందిగా ఇంకా. ఊఁ, కానియ్."

మొహం అటు తిప్పుకుని, కళ్ళు మూసుకుని, వెల్డింగు మెరుపులు ఆగేదాకా కదలకుండా కూర్చున్నాడు. ఆమె మూల నుంచి మూలకు టేపు పట్టింది, మళ్ళీ అటు మూల నుంచి ఇటు మూలకు పట్టింది.

"ఎంత తేడా?"

"అరమిల్లీ కూడా లేదు నాన్నా."

"అరమిల్లీ లేదంటే ఎంతో కొంత ఉన్నట్టేగా. సుత్తితో కొట్టు."

చాలా రోజుల తర్వాత ఆమె నవ్వింది. కొట్టింది. కాళ్ళకు అడ్డపట్టీలు వేసింది, అడుగున అర చేసి పాత ఇనుప దిమ్మెలు పేర్చింది, నాలుగు కాళ్ళకూ ఎత్తు సరిచేసే బోల్టులు పెట్టింది. కోసిన ముక్క ఒక్కసారిగా పడకుండా పక్కన ఒక ఆసరా బల్ల కలిపింది. ఆ తర్వాత, ఆయన ఇంటికి వెళ్ళిన వేళ చూసి, ముందువైపు నడుమెత్తులో గుండ్రటి పైపుతో కమ్మీ ఒకటి అతికించింది.

మర్నాడు ఆయన దాన్ని చూశాడు.

"ఇదేంటి? మిషనుకు కమ్మీ ఎందుకు?"

అబద్ధం ఒకటి నోటిదాకా వచ్చింది. కడ్డీలు ఆనించుకోవడానికి అని చెప్పొచ్చు. చెప్పలేకపోయింది.

"నీకే నాన్నా. పట్టుకుని నిలబడటానికి."

ఆయన మొహం ఎర్రబడింది. "ఇంట్లో మీ అత్త చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. ఇక్కడ కూడా నన్ను ముసలాణ్ణి చేస్తావా?" అని వెనక్కి తిరిగాడు. గోడ పట్టుకోకుండా వెళ్ళాలని చూశాడు గానీ, గుమ్మం దగ్గర పట్టుకోక తప్పలేదు. ఆమె అటు చూడనట్టు నేల మీద ఇనుప రజను ఊడ్చింది. సాయంత్రం దాకా ఇంకే పనీ చేయలేకపోయింది.

తెల్లారి ఆమె షెడ్డు తలుపు తీస్తుంటే ఆయన వచ్చాడు. గడ్డం గీయించుకున్నాడు, మేనత్త గీసినట్టుంది, చెవి దగ్గర కాస్త మిగిలిపోయింది. నేరుగా వెళ్ళి మిషను ముందు నిలబడి కమ్మీ మీద రెండు చేతులూ వేశాడు. మోచేతులు వంచి చూసుకున్నాడు.

"ఎత్తు తప్పు," అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"నువ్వు వెనకటి నాన్నను లెక్కేసుకుని పెట్టావ్. ఇప్పుడు వంగిపోయానుగా. నాలుగు వేళ్ళు దించు."

ఆమె గ్రైండరు అందుకుంది. కళ్ళద్దాలు పెట్టుకున్నాక గానీ తల ఎత్తలేదు. కమ్మీ కోసి, దించి, మళ్ళీ అతికించింది.

స్టాండు పరీక్షకు మేనత్త తనంతట తనే వచ్చింది. భారీ మనిషి. కొంగు బిగించి, కమ్మీ పట్టుకుని, పక్కకు లాగింది, వెనక్కి తోసింది, చివరికి తుంటి ఆనించి గట్టిగా నెట్టింది. దిమ్మెలు కూడా చప్పుడు చేయలేదు.

"నన్నే తట్టుకుందంటే ఫర్వాలేదు," అని తమ్ముడి వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

ఆయన మళ్ళీ పనిలోకి వచ్చాడు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో రంపం దించేవాడు. ముక్క తెగి ఆసరా బల్ల మీదికి ఒరిగేది. మిషను కదిలేది కాదు, ఆయనా కదిలేవాడు కాదు. ఆ ఎండాకాలమంతా, వానలు పడ్డన్నాళ్ళూ షెడ్డుకు కావలసిన ప్రతి కడ్డీ ఆయనే కోశాడు. మధ్యలో జబ్బు ముదురుతూనే ఉంది. కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టయి అడుగు పడేది కాదు. ఇంటి నుంచి షెడ్డుకు రావడానికి పట్టే సేపు రోజురోజుకూ పెరిగింది. కూతురు చూస్తూ ఊరుకుంది. ఆపమని ఒక్కసారి కూడా అనలేదు.

చలి మొదలైన ఒక సాయంత్రం ఆయన చివరి ముక్క కోసి, స్విచ్చి ఆపి, మిషనును నూనె గుడ్డతో తుడిచాడు. ఎప్పటికన్నా ఎక్కువసేపు తుడిచాడు.

"రేపటి నుంచి నువ్వు కోసుకో తల్లీ," అన్నాడు. "బ్లేడు మార్చు. పళ్ళు అరిగాయి."

"మారుస్తా నాన్నా."

ఆయన కమ్మీ వదిలి ఆమె వైపు చెయ్యి చాపాడు. ఇద్దరూ మెల్లగా ఇంటిదాకా నడిచారు. దారిలో ఆయన రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకున్నాడు. మూడోచోట ఆగినప్పుడు, రేపు రావాల్సిన గేటు పని గురించి, తలుపు బరువుకు ఏ మడతబందులు వేయాలో చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె వింటూ, ఆయనకు సరిపోయేలా అడుగు చిన్నది చేసుకుని నడిచింది.