నలభై ఏడు మీద ముప్ఫై ఆరు

మా అమ్మాయి ఫొటోతో కాశీబుగ్గ బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టించింది నేనే. దాచుకోవడానికి ఏముంది? 'డివిజన్ ఫస్ట్, కుమారి సౌజన్య, 47/50' అని బస్సులోంచి కూడా కనిపించేటంత అక్షరాలు. కింద మూలన నా ఫొటో, చిన్నది. అంత చిన్నదేమీ కాదంటుంది మా ఆవిడ నీలవేణి. ఆవిడకి నేనేం చేసినా కాస్త ఎక్కువగానే కనిపిస్తుంది.

నా పేరు పోలారావు. పలాసలో నాకొక చిన్న జీడి బట్టీ ఉంది, జీడిగింజలు కాల్చి పప్పు తీస్తాం. కోపం ముక్కు మీద ఉంటుందని ఊళ్ళో పేరు. గొంతు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. కూతురు మా వార్డు మున్సిపల్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. "బట్టీ ఓనరువి, కూతుర్ని సర్కారు బడికి పంపుతావా" అని చుట్టాలు దెప్పినకొద్దీ నాకు పంతం పెరిగింది. తల్లిదండ్రుల కమిటీకి చైర్మన్ని కూడా నేనే.

రెండేళ్ళలో ఆ బడి రూపం మారిపోయింది. టైల్స్ వేశారు, మరుగుదొడ్లకు తలుపులు వచ్చాయి, గోడకు డిజిటల్ బోర్డు వచ్చింది. హెడ్మాస్టరు సురేష్ ఆదివారం కూడా బడిలోనే ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను బావా అంటాడు, మా వైపు పిలుపే అంత. అయితే బోర్డులతో పాటు ర్యాంకులు కూడా వచ్చాయి. చుట్టుపక్కల టౌన్ల మున్సిపల్ బడులన్నిటికీ ఒకటే పరీక్ష పెట్టి, ఫస్టు వచ్చిన బడికి కంప్యూటర్ ల్యాబ్ ఇస్తామన్నారు. మా బడి ఫస్టు వచ్చింది, అందులో మా సౌజన్య ఫస్టు వచ్చింది. బట్టీలో అందరికీ స్వీట్లు పంచాను. అక్కడ పనిచేసే ఆడవాళ్ళలో సగం మంది పిల్లలదీ ఆ బడే.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం సౌజన్య నాకు అన్నం క్యారియర్ తెచ్చింది. ఆ సమయానికి బట్టీలో గొడవ జరుగుతోంది. విరగని జీడిపప్పును మేము గుండు అంటాం, రెండుగా చీలినదాన్ని బద్ద అంటాం. గుండుకి ఉన్న ధర బద్దకి ఉండదు. డబ్బాలు నింపే కామేశ్ అడుగున బద్దలు పోసి, పైన గుండ్లు పరిచాడు. పప్పు ఏరే ఆడవాళ్ళందరికీ రత్నాలమ్మ పెద్ద. ఏ డబ్బా అయినా ఆవిడ చెయ్యి ముందు అడుక్కే వెళ్తుంది. దొరికిపోయాడు.

మా బట్టీలో ఇలా కలిపినవాణ్ణి కొట్టడాలు, కూలి కోయడాలు ఉండవు. డబ్బా బోర్లించి కింద పరిచిన పట్టా మీద పోస్తాం. కలిపినవాడే ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఆఖరి పలుకు దాకా ఏరాలి. "కలిపినోడే ఏరాల" అనేది మా నాన్న నాటి నుంచి వస్తున్న కట్టుబాటు. కామేశ్ తల దించుకుని ఏరుతున్నాడు. సౌజన్య చాలాసేపు చూసింది.

"నాన్నా, ఆ ఫ్లెక్సీ తీయించీ," అంది.

"ఏటే, దిష్టి తగులుతాదనా?"

"కాదు. నాను పన్నెండు ప్రశ్నలు ఒగ్గీసినాను. మిగతావన్నీ రైటైనా ముప్పై ఎనిమిదే రావాల. నలబై ఏడు ఎలాగొచ్చినాది?"

పరీక్షలో జవాబు రాయడం ఉండదు, గుండ్రంగా గీసిన గళ్ళలో సరైనది పెన్నుతో నింపాలి. తెలియని వాటిని ముట్టుకోవద్దనీ, తప్పు నింపితే మార్కులు కోస్తారనీ సురేష్ మాస్టారు ముందురోజు క్లాసుక్లాసుకీ వెళ్ళి చెప్పాడట. కోతేమీ లేదని పిల్లలకు తర్వాత వేరే బడివాళ్ళు చెప్పారు. సౌజన్య స్నేహితురాళ్ళని అడిగింది. అందరూ కొన్ని వదిలేసినవాళ్ళే, అయినా అందరికీ వాటికి కూడా మార్కులు వచ్చాయి.

"నోర్ముయ్," అన్నాను. "ఊరంతా స్వీట్లు తినీసినాక ఇప్పుడా సెప్పడం!"

మొదటి కోపం దాని మీద, రెండోది సురేష్ మీద. అన్నం కూడా తినకుండా బండి తీసి బడికి వెళ్ళాను.

సురేష్ బుకాయించలేదు. తలుపు దగ్గరగా వేసి, "నేనే నింపాను బావా," అన్నాడు. "దీనికి ముందు పరీక్షలో మనం అందరికన్నా అడుగున ఉన్నాం. మీటింగులో నన్ను నిలబెట్టి కడిగేశారు. మళ్ళీ అడుగునుంటే తొమ్మిది, పది క్లాసులు తీసేసి రైలు గేటు అవతలి బడిలో కలిపేస్తామన్నారు. గేటు దాటి ఎంతమంది ఆడపిల్లలని పంపుతారు చెప్పు? గోడలు మార్చడానికి ఒక్క వేసవి చాలింది. పిల్లలకి లెక్కలు రావడానికి చాలదు కదా. ఆ ల్యాబ్ నేను ఇంటికి పట్టుకెళ్ళిపోతానా?"

అతని కళ్ళ కింద నల్లటి చారలు చూస్తే జాలేసింది. ల్యాబ్ వస్తే మంచిదే కదా అనిపించింది. తిట్టడానికి వెళ్ళినవాణ్ణి టీ తాగి వచ్చాను.

ఇంటికొచ్చి సౌజన్యకి చెప్పాను. "ఫస్టొచ్చినోలకి టెక్కలి సభలో కప్పు ఇత్తారు. ఎల్లి తెచ్చీసుకో. బడికి మంచిది."

"మరి కామేశ్ మావ సేత ఎందుకు ఏరించినావు?"

"అది యాపారం."

"ఇది నా పేరు నాన్నా." దాని గొంతు నాలాగే లేచింది. "రమ్మంటే వత్తాను. స్టేజీ మెట్లు మాత్రం ఎక్కను."

నీలవేణి వంటింట్లోంచి నవ్వింది. "నీ కూతురే. ఇప్పుడు అనుభవించు," అంది.

టెక్కలిలో సభ. ముందు వరసల్లో హెడ్మాస్టర్లు, వేదిక మీద పెద్ద అధికారి, పక్కన సురేష్. మా బట్టీ ఆడవాళ్ళు ఆటోలు కట్టించుకుని వచ్చి వెనక కూర్చున్నారు. ఎక్కదని తెలిసినా, పేరు పిలిస్తే ఎక్కకపోతుందా అని ఫోన్ కెమెరా తెరిచి పెట్టుకున్నాను.

పేరు పిలిచారు. సౌజన్య కదల్లేదు. మళ్ళీ పిలిచారు. సురేష్ మైకు దగ్గరికొచ్చి "రామ్మా" అన్నాడు. వెనక నుంచి రత్నాలమ్మ "ఎల్లమ్మా, సిగ్గేటి!" అని వీపు తట్టింది. అందరూ మెడలు తిప్పి మా వైపు చూస్తున్నారు. ఎవరో పిల్లకి పొగరన్నారు. సౌజన్య నా చొక్కా చెయ్యి పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. కుర్చీ మాత్రం వదల్లేదు.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది, దాని మీద కాదు. ఇంతమంది పెద్దవాళ్ళం కూర్చుని ఉండగా నిజాన్ని ఈ పిల్లొక్కతే మోయాలా? ఆ మంటతో పాటే ఛాతీ ఉప్పొంగింది. ఇది నా కూతురు. నలభై ఏడు చూసినప్పుడు కూడా అంత గర్వం కలగలేదు.

లేచాను. నా గొంతుకి మైకు అక్కర్లేదు.

"అయ్యా, నా కూతురు రాదండి. ఆ మార్కులు దానివి కావు. పిల్లలు ఒగ్గీసినవి తరవాత నింపీసినారు. మా బడికి మళ్ళీ పరీక్ష పెట్టండి. మా మాస్టర్లు ఒక్కలు కూడా గదిలో ఉండకూడదు. ఏదొస్తే అదే మాది."

అధికారి ముఖం ఎర్రబడింది. "ఎవరు నింపారు?" అన్నాడు.

పేరు నా నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. బావా అని పిలిచినవాడి పేరు సభలో ఎలా చెప్పను? సురేష్ వేదిక మీద నుంచి నన్నూ, సౌజన్యనీ చూశాడు. మైకు ఇంకా అతని చేతిలోనే ఉంది.

"నేనే సార్," అన్నాడు. "పిల్లలకేమీ తెలియదు."

బయటికి రాగానే రత్నాలమ్మ నా మీద విరుచుకుపడింది. "మా మనవరాలు కంప్యూటర్ నేర్సుకుంతాదని ఎంత ఆశపడ్డాను! నోటికాడ కూడు తీసీసినావు బాబూ!" తిట్టి తిట్టి, కళ్ళు తుడుచుకుని, సౌజన్య గడ్డం పట్టుకుంది. "అయినా నా పని ఈ పిల్లే సేసినాది. డబ్బా అడుక్కి సెయ్యెట్టినాది."

సురేష్‌ని సస్పెండ్ చేశారు. ల్యాబ్ ఇంకో బడికి వెళ్ళిపోయింది. మాకు మళ్ళీ పరీక్ష పెట్టారు, వేరే ఊరి మాస్టర్లు వచ్చి కాపలా కూర్చున్నారు. ఫలితం వచ్చింది. ఫస్టు రాలేదు సరికదా, పై వరసలోనే లేం. కానీ అడుగున కూడా లేం. నడిమికి ఎగబాకాం. మా తొమ్మిది, పది క్లాసులు మాకే ఉన్నాయి. ఎవరూ ఒక్క గడి నింపకుండానే మా పిల్లలు అంత దూరం వచ్చేశారు.

ఆ సాయంత్రం సురేష్ బట్టీకి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నేను చెప్పిన చదువు మీద నాకే నమ్మకం లేకపోయింది బావా," అన్నాడు. రత్నాలమ్మ పట్టా దులిపి పరిచింది.

"కూకోండి మాస్టారూ. కలిపినోడే ఏరాల."

అప్పట్నుంచీ రోజూ సాయంత్రం పని దిగాక మా బట్టీ పట్టా మీద పిల్లలు చేరుతున్నారు. వాళ్ళు వదిలేసిన ప్రశ్నలన్నీ సురేష్ ఒక్కొక్కటే తీసి, వచ్చేదాకా చెబుతున్నాడు. విచారణ ఇంకా నడుస్తోంది. ఉద్యోగం ఉంటుందో పోతుందో అతనికీ తెలియదు. ఒక్కరోజు కూడా మానలేదు. ఆ సంగతి చెప్పడానికి కూడా నాకు గర్వంగానే ఉంది.

ఇక ఫ్లెక్సీ. సౌజన్య మళ్ళీ తీయించమంది, నేను వినలేదు. పెయింటర్ని పిలిచి 'డివిజన్ ఫస్ట్' అన్నది చెరిపించాను. 47 మీద తెల్ల కాగితం అంటించి, రెండో పరీక్షలో దానికి వచ్చిన 36 రాయించాను. కింద నా ఫొటో అలాగే ఉంచాను, మా ఆవిడ ఏమైనా అననీ.

బస్సు దిగినవాళ్ళు ఆగి అడుగుతూనే ఉంటారు. "ఏటి పోలారావూ, అప్పుడు నలబై ఏడు కదా, తగ్గిపోనాదేటి?"

"తగ్గనేదు," అంటాను, బస్టాండంతా వినబడేలా. "అది దానిది కాదు. ఇది దానిది."