చిన్న చెయ్యి

అద్దం తలుపు మీద వేలిముద్రలు కనబడగానే గున్‌వోర్ చెయ్యి దానంతటదే జేబులో గుడ్డ కోసం వెతికింది. గుడ్డ లేదు. ఇవాళ ఆమె తుడవడానికి రాలేదు, విమానం ఎక్కడానికి వచ్చింది. నార్వే ఉత్తరపు కొసన ఆ దీవిలో ఉన్న బుల్లి విమానాశ్రయాన్ని పంతొమ్మిదేళ్లుగా తుడుస్తున్న మనిషి, అక్కణ్ణుంచి ఒక్కసారీ ఎగిరింది లేదు. పెళ్లిళ్లకీ చావులకీ భర్త ఓడ్వార్ వెళ్లేవాడు. గొర్రెల్ని వదిలి ఇద్దరం ఎలా వెళ్తామని అనేవాడు. ఆ ఇద్దరిలో ఇంట్లో ఉండిపోయేది మాత్రం ఎప్పుడూ ఒక్కరే.

ఇక్కడ ఏ గంటకి ఏం జరుగుతుందో ఆమెకి కంఠతా వచ్చు. పెట్టె తూచేదీ సిన్నెవే, ఆ వెంటనే చేతులకి నీలం తొడుగులు వేసుకుని సంచీ సోదా చేసేదీ సిన్నెవే, పసుపు కోటు తగిలించుకుని పెట్టెల్ని విమానంలోకి ఎక్కించేదీ ఆవిడే. సోదా దాటి అద్దానికి ఇవతల కూర్చున్నాక ఎవరికైనా కారు తాళం ఇచ్చి రావడం మరిచిపోయానని గుర్తొస్తే, "సిన్నెవా, ఒక్క నిమిషం" అంటే చాలు, తలుపు తెరుచుకుంటుంది. నలభైమంది పట్టే ఆ విమానం ఎవరికోసమైనా కాసేపు ఆగుతుంది. అలాంటి సిన్నెవ, పంతొమ్మిదేళ్లుగా కలిసి కాఫీ తాగుతున్న సిన్నెవ, ఇవాళ గున్‌వోర్‌ని గుర్తింపు కార్డు అడిగింది. ఫోటోని చూసి, మొహాన్ని చూసి, "మంచిదండీ, ప్రయాణం సుఖంగా సాగాలి" అంది. ప్రయాణికులందరికీ అనే మాటే, తనతో అనడం మాత్రం ఇదే మొదలు. అయినా గున్‌వోర్‌కి కళ్లు చెమర్చాయి. ఆ ఒక్క మాటకి ఆవిడకి జన్మంతా రుణపడి ఉంటాననిపించింది.

అసలు ఈ ప్రయాణం పుణ్యం కూడా సిన్నెవదే. సామాను తనిఖీ చేసే ఉద్యోగం ఖాళీ అవుతోందనీ, ట్రామ్సో నగరంలో ఆరు వారాలు శిక్షణ ఇస్తారనీ చెప్పి, దరఖాస్తు ముందు పెట్టి కలం చేతికిచ్చింది. "కుర్చీ కింద పడ్డ చెవిపోగుని కూడా పట్టుకుంటావు, నీకంటే బాగా చూసేదెవరే?" అంది. ఇంట్లో చెబితే ఓడ్వార్ పళ్లెంలో బంగాళాదుంప మీంచి కళ్లెత్తలేదు. "మే నెలలోనా? గొర్రెలు ఈనే రోజుల్లోనా?" అన్నాడు. ఎనభై దాటిన అత్తగారు బొర్గిల్ కిటికీ దగ్గర అల్లిక ఆపకుండా, తుడిచేదానికి ఆ చీపురు చాలదా అంది.

ఓడ్వార్ చెడ్డవాడేం కాదు. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ చెయ్యి చేసుకున్నది లేదు. ఆమెలో అతను మెచ్చుకున్నది కూడా చెయ్యినే. గొర్రె కడుపులో పిల్ల అడ్డం తిరిగితే లోపలికి చిన్న చెయ్యి పోనిచ్చి సరిచేయాలి. పశువుల డాక్టరు పక్క దీవి నుంచి పడవలో రావాలి. "నాది చెయ్యి కాదు పార, చెయ్యంటే నీదే" అనేవాడు నవ్వుతూ. కొత్త కోడలిగా ఆ మాటకి ఎంత పొంగిపోయిందో. ఆ మెప్పే తనని కట్టేసిన పలుపుతాడని తెలియడానికి ఎన్ని మే నెలలు పట్టాయో. పండగలూ అక్క పెళ్లీ, ఒక ఏడాది సొంత జ్వరం కూడా, ఆ చిన్న చేతి వెనకే పోయాయి.

బయట విమానం దిగి, రెక్కల దగ్గరి పంకాలు ఆగాయి. సరిగ్గా అప్పుడే కౌంటర్లో ఫోను మోగింది. గున్‌వోర్ ఇంటి దగ్గరే తన ఫోను ఆపేసి వచ్చింది. విమానంలో ఫోన్లు ఆపాలనే నోటీసు మీద రోజూ దుమ్ము దులిపేది ఆమే మరి. సిన్నెవ రిసీవరు పట్టుకుని వచ్చి అద్దం తలుపు జానెడు తీసింది.

"మీ ఆయన. గొర్రెకి కవల పిల్లలట, అడ్డం పడ్డాయట. ఉన్నావని చెప్పనా, వెళ్లిపోయావని చెప్పనా?"

ఎలా చెప్పినా సిన్నెవ తనని తప్పుపట్టదని గున్‌వోర్‌కి తెలుసు. తలుపు తీసే ఉంది. కారు బయటే ఉంది. ఈ విమానం వెళ్లిపోతే శిక్షణ తరగతి రేపు పొద్దున్నే మొదలైపోతుంది. మళ్లీ ఏడాది దాకా లేదు. ఆ గొర్రె ఏదో కూడా తెలుసు, మూతి మీద నల్లమచ్చ ఉన్నది. దాన్ని చావనివ్వడానికి మనసొప్పలేదు. కుడిచేతిని చూసుకుంది. ఈ పని ఈ చేతికి పుట్టుకతో వచ్చిందా? కొత్తలో పాకలో పక్కన మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లెలా ముడవాలో చూపించిందెవరు?

రిసీవరు అందుకుంది. "ఓడ్వార్, అత్తయ్య చెయ్యి నాకంటే చిన్నది. నాకు నేర్పింది ఆవిడే. తీసుకెళ్లి గొర్రె దగ్గర కూర్చోబెట్టు."

"అమ్మా" అని అతను అవతల కేకేయడం వినిపించింది. తర్వాత ఫోను చేతులు మారిన చప్పుడైంది.

"విమానం వచ్చిందా?" బొర్గిల్ గొంతు.

"వచ్చింది అత్తయ్యా."

"అయితే ఎక్కు. ఒరేయ్ ఓడ్వార్, వేడినీళ్లు పట్టుకురా, సబ్బు కూడా." గొంతు తగ్గింది. "నువ్వొచ్చిన దగ్గర్నుంచీ నా చేతినెవరూ అడగలేదమ్మాయ్. అల్లుకోవడానికే పనికొస్తుందనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను."

గున్‌వోర్‌కి థాంక్స్ అనాలనిపించింది. అవతల ఫోను అప్పటికే పెట్టేశారు. రిసీవరు సిన్నెవకిచ్చి, అద్దానికి అరచెయ్యి ఆనించి తలుపు తనే మూసేసింది. అద్దం మీద ఐదు వేళ్లూ తేటగా పడ్డాయి. వాటిని తుడవలేదు.