డెన్నిస్ మొదటి బేరం

ఇరవై రెండేళ్ళు కోడు రాసి కోటీశ్వరుడైన డెన్నిస్ హాల్‌వర్సన్, ఇతరులకి కోట్లు పంచే ఉద్యోగానికి మెన్లో పార్కు అనే ఊళ్ళోని మా పెట్టుబడుల సంస్థలో చేరాడు. పెట్టుబడి కూడా ఒక బడే నాయనా, తేడా అల్లా ఇక్కడ ఫీజు పాఠం చివర్న తెలుస్తుంది అన్నాను మొదటిరోజే. నవ్వలేదు. ఇంజనీరు కదా, జోకునైనా పరీక్షించిగాని వాడడు.

మా పెట్టుబడుల వీధిలో అందరి యూనిఫాం, అదే చేతుల్లేని కోటు, తొడిగించి దాని వేదాంతమూ చెప్పాను.

"చేతులు లేవు చూశావా? ఇక చేత్తో ఏ పనీ చెయ్యకూడదని. వినాలి, తలాడించాలి, అంతే."

"తలాడించడానికి ఆరు నెలల శిక్షణా?"

"తప్పుగా ఆడిస్తే నలభై లక్షల డాలర్లు పోతాయి మరి."

ఆ ఆరు నెలల్లో అయిదున్నర గడిచాయి. ఒక్క కంపెనీనీ పట్టలేదు. నెలాఖరులోగా ఒక బేరమన్నా కుదర్చకపోతే ఇంటికి పొమ్మంది మా పెద్ద భాగస్వామి లొరేన్. పాత ఆఫీసులో వీడ్కోలు కేకు కోయించుకుని వచ్చినవాడు ఏ మొహం పెట్టుకుని తిరిగి వెళ్తాడు?

అప్పుడొచ్చింది మారిసెల్ ఒచోవా. ఫ్రెస్నో ఊరి బాదం తోటలకి పైనుంచి ఫొటోలు తీసి, ఏ చెట్టుకి ఎప్పుడు నీళ్ళు పెట్టాలో చెప్పే కంపెనీ ఆమెది. రైతులు డబ్బు కడుతున్నారు. వచ్చినదంతా అద్దె కంప్యూటర్ల బిల్లు మింగేస్తోంది. ఆ బిల్లు కోసం నలభై లక్షలు కావాలంది.

డెన్నిస్ తలాడించాడు. బాగా ఆడించాడు. నేను మురిసిపోతుండగానే అడిగాడు, "ఒక్కో చెట్టు లెక్క తేల్చడానికి కంప్యూటర్‌కి ఎంతసేపు పడుతుంది?"

"తొమ్మిది సెకన్లండి."

"తొమ్మిదా? ఏదీ, కోడు తెరవండి."

బల్ల కింద అతని కాలు తొక్కాను. నా కాలే నొప్పెట్టింది, అతనికి తెలియనే లేదు. గంటన్నర తర్వాత తల ఎత్తాడు. ప్రతి చెట్టుకీ తోట ఫొటో మొత్తం మళ్ళీ తెరుస్తున్నారట. ఒక్కసారి తెరిచి అన్ని చెట్లకీ వాడుకునేలా మార్చాడు. బిల్లు పదో వంతుకి పడిపోయింది.

మారిసెల్ తెర వంక చూసింది, వేళ్ళమీద ఏదో లెక్క కట్టింది, లేచి నిలబడింది. "చాలా థాంక్సండి. అయితే ఇక మీ డబ్బు అక్కర్లేదు."

ఆమె వెళ్ళాక లొరేన్ తలుపు దగ్గర నిలబడింది. "ఏమయ్యా, అడగడానికొచ్చిన మనిషిని అడగక్కర్లేకుండా చేసి పంపావా?"

"తొమ్మిది సెకన్లు, లొరేన్," అన్నాడు డెన్నిస్ దీనంగా.

"అంటే ఆ పిల్లకి మన డబ్బు నిజంగానే అక్కర్లేదా?"

"లేదు."

లొరేన్ కళ్ళు వెలిగాయి. మా వృత్తి ధర్మం అది: కావాలన్నవాళ్ళని మూడు వారాలు తిప్పుతాం, వద్దన్నవాళ్ళ వెంట మూడు మైళ్ళు పరిగెడతాం. మర్నాడు పొద్దున్నే తనే ఫోన్ చేసింది. మారిసెల్ వద్దంది. లొరేన్ ఇస్తానన్న మొత్తం పెంచింది. మళ్ళీ వద్దంది. మూడోరోజు ఒక షరతు మీద ఒప్పుకుంది: వారానికో రోజు డెన్నిస్ ఫ్రెస్నో వచ్చి తన ఇంజనీర్ల మధ్య కూర్చోవాలి.

కంపెనీలో మాకెంత వాటా ఇస్తుందో మాట్లాడమని లొరేన్ ఫోన్ డెన్నిస్‌కే ఇచ్చింది. రెండు నిమిషాల్లో పెట్టేశాడు. మొహం వెలిగిపోతోంది.

"ఎంతన్నది?" అంది లొరేన్, వాటా సంగతి.

"ఉదయం ఎనిమిదింటికి," అన్నాడు డెన్నిస్.