ఫాగ్ లైట్ల పక్కన నేను

గవర్రాజు బండికి రెండు సూర్యుళ్లను తగిలించుకొచ్చాడనీ, ఇక వీధిలో కోడి కూయక్కర్లేదనీ పక్కింటి సన్యాసమ్మ కుళాయి దగ్గర అందట. ఆ మాట గవర్రాజు పెళ్లాం పైడితల్లి ఇంటికి మోసుకొచ్చి మొగుడికి చెబుతుంటే విన్నాను. ఆ సూర్యుళ్లు ఫాగ్ లైట్లు. వాటికోసం చోటు ఖాళీ చేసినదాన్ని నేను. నేను ఒక కుడి ఇండికేటర్ని, అరచేతిలో ఇమిడేంత నారింజ దీపాన్ని.

తమిళనాట ఏదో ఫ్యాక్టరీలో అచ్చుపోస్తే, బండితో పాటు నర్సీపట్నం చేరాను. హెడ్‌లైటుకి జానెడు ఎడంగా దర్జాగా బతికాను. సెలవు దొరికితే చాలు, గవర్రాజు పెళ్లాన్ని వెనక ఎక్కించుకుని కొండల మీది ఘాట్ రోడ్లన్నీ తిరిగేవాడు. ఆయన తిరగబోయే పక్కని ఎదుటివాళ్లకి ముందే చెప్పడం నా ఉద్యోగం.

పోయిన చలికాలం లంబసింగి మంచులో దారి కానరాక బండి గోతిలో పడింది. పైడితల్లి మణికట్టు విరిగి వంకరగా అతికింది. ఆ భయం గవర్రాజుని వదల్లేదు. భయమేస్తే మనిషి బజారుకెళ్లి ఏదో ఒకటి కొంటాడు. ఈయన ఫాగ్ లైట్లు కొన్నాడు. మెకానిక్ చిట్టిబాబు నా చోట వాటి క్లాంపు బిగించి, నన్ను దాని కిందనే, వేలు పట్టని సందులో ఇరికించాడు.

“మరీ ఇంత దగ్గరా?” అన్నాడు గవర్రాజు.

“ఎలుగుతాదా లేదా, అది సూసుకో బావా.”

మిట్టమధ్యాహ్నం నన్ను వేసి చూశారు, వెలిగాను. నన్నార్పి వాటిని వేసి చూశారు, అవీ వెలిగాయి. అన్నీ కలిపి వేసి, ఎదర నిలబడి చూద్దామని ఒక్కరికీ తోచలేదు.

నాకు మాత్రం ఆ సాయంత్రమే తెలిసింది. సందు తిరిగేటప్పుడు సన్యాసమ్మ గోడ మీద ఎప్పుడూ నా నారింజ రంగు పడేది. ఆ పూట గోడంతా తెలుపే. వెలుగుతూ ఆరుతూ కొట్టుకున్నాను, మళ్లీ కొట్టుకున్నాను. నా రంగు నాకే కనబడలేదు. అప్పట్నుంచి బండి స్టార్టయితే చాలు, నాకు దడ. చెప్పడానికి నాకున్న నోరు ఆ వెలుగొక్కటే కదా.

మొన్న తెల్లారగట్ల మళ్లీ లంబసింగి ఘాట్ ఎక్కాం. మంచు ముద్దముద్దగా దిగుతోంది. ఫాగ్ లైట్లు రెండూ వెలుగుతున్నాయి.

“ఇప్పుడు బయం నేదు కదే?” అన్నాడు గవర్రాజు.

“నీకు నేకపోతే నాకూ నేదు,” అంది పైడితల్లి. ఆయన చొక్కా మాత్రం వదల్లేదు.

కుడిచేతి పక్క టీ బడ్డీ కనిపించింది. ఆయన నన్ను వేశాడు. ఎదర మలుపులోంచి జామాయిల్ కర్రల లారీ దిగుతోంది. ఉన్న ప్రాణమంతా పెట్టి కొట్టుకున్నాను. లారీ వేగం తగ్గలేదు. నేను చెప్పేశాననే ధీమాతో ఆయన నింపాదిగా కుడికి తిప్పాడు.

బ్రేకులు కీచుమన్నాయి. టైరు కాలిన వాసన. లారీ బంపరు పైడితల్లి మోకాలికి బెత్తెడు దూరంలో ఆగింది.

డ్రైవరు దిగొచ్చాడు.

“ఇండికేటర్ ఏసేను కదా, సూసుకోవా?” అన్నాడు గవర్రాజు.

డ్రైవరు కళ్లకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని మా వైపు చూశాడు. నేనింకా కొట్టుకుంటూనే ఉన్నాను.

“ఏదీ? నీ బండికి ఇండికేటరే నేదు.”