నిమ్మకాయ తొడిగిన వేలు

మా ఇంట్లో గోళ్ళు కత్తిరించుకోవడం సరదా కాదు, పని. మగ్గం వర్క్ చేసేవాళ్ళ చెయ్యి గరుకుగా ఉంటే పట్టు ఊరుకోదు. గోరు అంచు కాస్త చిట్లినా, గోటి పక్కన తోలు పోగులా లేచినా దారం దానికి తగులుకుని గుడ్డమీద గీత పడుతుంది. ఆ గీత పెళ్ళికూతురి తల్లి కంట పడకుండా పోవడమన్నది జరగదు. అందుకని ప్రతి శుక్రవారం పొద్దున్నే మా అత్తమ్మ కరీమాబీ చిన్న బేసిన్లో గోరువెచ్చని నీళ్ళు పోసుకుని కూర్చుంటుంది. ఎదురుగా నేనూ కూర్చోవాలి. వేళ్ళు నానాక గోళ్ళు పొట్టిగా కత్తిరించి, అంచులు ఆకురాయితో రుద్ది, గోటి మొదట్లో పలచగా పాకిన చర్మాన్ని తడి తువ్వాలుతో మెల్లగా వెనక్కి నెట్టి, చివర కొబ్బరినూనె రాయాలి. ఆ చర్మాన్ని నెట్టాలేగాని కొయ్యకూడదు. పెళ్ళయి తెనాలి వచ్చిన మొదటి శుక్రవారమే అత్తమ్మ నాకీ మాట చెప్పింది. చెప్పిన మనిషే కోసుకుంది.

అప్పుడు మగ్గం మీద ఉన్నది బాపట్ల కుసుమకుమారిగారి అమ్మాయి పెళ్ళి జాకెట్టు. మీగడరంగు పట్టు, వీపంతా జరీ తామరలు. పని మొదలుపెట్టిన కాసేపటికే అత్తమ్మ ఎడమచేతి నడివేలి పక్కన లేచిన తోలుకు దారం చిక్కుకుని ఒక రేకు మొత్తం ముడుచుకుపోయింది. అత్తమ్మకు కోపం వస్తే ఎదుట ఉన్నది మనిషో వస్తువో చూడదు. ఆ రోజు ఎదుట ఉన్నది తన వేలే. దారాలు కత్తిరించే కట్టర్ తీసుకుని ఆ తోలు కోసేసింది. అంతటితో ఆగకుండా, మళ్ళీ లేవకూడదని గోటి చుట్టూ ఉన్న చర్మాన్నంతా చెక్కేసింది. రక్తం వస్తే చీర కొంగుకు తుడిచి మళ్ళీ సూది అందుకుంది.

"అత్తమ్మా, మీకు షుగరుంది. అట్టా కోసుకోకూడదు," అన్నాను.

"నా గోరు సంగతి నాకు తెలవదటే? నువ్వు పూసలు ఎక్కించు," అంది.

గోరుచుట్టు వచ్చింది. వేలు ఎర్రగా వాచి, అన్నం కలుపుకుంటున్నా ఆ చెయ్యి పైకెత్తి పట్టుకునేది. ఆస్పత్రికి వెళ్దామంటే వినలేదు. డాక్టరు కట్టు కడతాడు, కట్టుతో మగ్గం ముందు కూర్చోలేనంటుంది. ఆమె కొడుకు, అంటే నా మొగుడు ఫహీం, బజారుకెళ్ళి నిమ్మకాయలు తెచ్చాడు. ఒకదానికి బొక్క చేసి, అందులో పసుపు వేసి తల్లి వేలికి తొడిగాడు. దాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు. చిన్నప్పుడు నాకూ తొడిగారు, తగ్గింది కూడా. అదే వచ్చిన చిక్కు. తగ్గిన వాళ్ళమందరం ఉన్నాం ఆ వీధినిండా, తలా ఒక మాట చెప్పడానికి.

మగ్గం పని చేసేటప్పుడు కుడిచెయ్యి సూదితో ఫ్రేము పైన ఉంటుంది. ఎడమచెయ్యి గుడ్డ కింద ఉండి బొటనవేలు, చూపుడువేలితో దారం అందిస్తుంది. అంటే ఆ చెయ్యి రోజంతా ఎవరికీ కనపడదు. నిమ్మకాయ మార్చేటప్పుడు కూడా అత్తమ్మ బాత్‌రూములోకి వెళ్ళి తలుపు వేసుకునేది.

ఒక పొద్దున ఆమె టీ తాగుతూ కూనిరాగం తీస్తోంది. "నొప్పి పోయిందిరా," అంది కొడుకుతో. "తీసేసినట్టు పోయింది."

ఫహీం నావైపు చూసి కళ్ళెగరేశాడు, గెలిచినట్టు. నాకు గుర్తొచ్చింది వేరు. మా నాన్న రేపల్లె బస్టాండు దగ్గర పళ్ళబండి పెట్టేవాడు. ఆయనకూ షుగరే. కాలి బొటనవేలికి దెబ్బ తగిలి పది ఊళ్ళకు వినపడేలా మూలిగిన మనిషి, ఒక పొద్దున నొప్పి పోయిందని నవ్వుకుంటూ లేచాడు. నొప్పి పోయింది వేలు చచ్చిపోయినందుకని మాకు ఆస్పత్రిలో చెప్పారు. మోకాలి కిందికి తీసేశారు. ఇదంతా ఫహీంకి చెప్పాను.

"మీ నాన్నది కాలు. ఇది చెయ్యి," అన్నాడు.

చేతిలో ఉన్న ప్లేటు వాడి నెత్తిన వెయ్యాలనిపించింది. అత్తమ్మ దగ్గరికే వెళ్ళి అడిగాను. "ఒక్కసారి తీసి చూపించండత్తమ్మా."

"ఏముందే చూడ్డానికి? నిమ్మపులుపుకి కాస్త నల్లబడింది. జాకెట్టు ఇచ్చొచ్చాక నీ ఇష్టం వచ్చినంతసేపు చూసుకో."

ఇంట్లో వాసన మొదలైంది. ఎలక చచ్చిందేమోనని ఫహీం ఫ్రిజ్ జరిపి చూశాడు, బీరువా కింద చీపురు పెట్టి లాగాడు. అత్తమ్మ సాంబ్రాణి వేసింది. కాసేపు ఆ వాసన, ఈ వాసన కలిసి తిరిగాయి. తర్వాత సాంబ్రాణి ఆరిపోయింది.

ఆ మధ్యాహ్నం నేను ఎదురుగా కూర్చుని జాకెట్టు చేతికి పూసలు కుడుతున్నాను. అత్తమ్మ కుట్టే వైపు మీగడరంగు పట్టులో చిన్న ఎర్రచుక్క కనపడింది. చూస్తుండగానే అది పెద్దదైంది. ఫ్రేము పైకెత్తాను. సూది ఆమె చూపుడువేల్లోకి దిగి ఉంది. రక్తం అరచేతిలోకి కారుతోంది. ఆ వేలికి నిమ్మకాయ లేదు, అది బాగున్న వేలు.

"అత్తమ్మా, సూది గుచ్చుకుంది."

"ఎక్కడ?" అంది.

వంగి చూసుకునేదాకా నమ్మలేదు. చూసుకున్నాక మొహంలో రంగు మారింది, కానీ ఒక్క క్షణమే. గుడ్డ పాడైందని నన్ను తిట్టి, ఉమ్మి అద్ది మరక పోగొట్టి, చుక్క కనపడ్డ చోట ఇంకో తామరమొగ్గ కుట్టేసింది. నాకు ఆమె మీద జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చింది. భయం ఆ రెంటికన్నా ఎక్కువ వచ్చింది. రేపు జాకెట్టు ఇవ్వగానే ఆస్పత్రికి రాకపోతే నేను పుట్టింటికి పోతానన్నాను. సరేనంది.

మర్నాడు అత్తమ్మతో నేనూ వెళ్ళాను. బాపట్లలో కుసుమకుమారిగారు జాకెట్టు కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి తిప్పి తిప్పి చూశారు. "బాగా చేశావు కరీమాబీ," అని కాఫీ తెప్పించారు. అత్తమ్మ ఎడమచెయ్యి బురఖాలో పెట్టుకుని కుడిచేత్తోనే గ్లాసు తీసుకుంది. కుసుమకుమారిగారు కూర్చోబోయి ఆగారు. ముక్కు దగ్గర కొంగు పెట్టుకుని ఫ్యాను వేశారు. ఫ్యాను తిరిగేసరికి గది మొత్తం అదే వాసన నిండింది.

"ఏంటమ్మా ఈ వాసన? ఆ చెయ్యి ఏంటి, అట్టా దాచావు?"

"ఏం లేదండి, గోరుచుట్టు. తగ్గిపోయిందండి."

ఇక నేను ఆగలేదు. చెయ్యి పట్టుకుని బయటికి లాగాను. చెయ్యి ముంజేతిదాకా ఉబ్బి మెరుస్తోంది. నిమ్మకాయ లాగితే సులువుగా వచ్చేసింది. కింద నడివేలు గోటినుంచి రెండో కణుపు దాటేదాకా ఎండిన వంకాయలా ఉంది. కుసుమకుమారిగారు గోడ పట్టుకున్నారు. అత్తమ్మ మాత్రం మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "నొప్పి లేదుగా," అంది.

ఆవిడ కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఫహీం మోటారుసైకిలు మీద వచ్చి చేరాడు. డాక్టరు మమ్మల్నిద్దర్నీ బయటికి పిలిచి వేలు ఉండదన్నాడు. చెయ్యి ఎంతవరకు ఉంటుందో చూడాలన్నాడు. ఫహీం గోడకి తిరిగి ఏడుస్తుంటే నాకు వాణ్ణి ఓదార్చబుద్ధి కాలేదు. నేనొక్కదాన్నే లోపలికి వెళ్ళి అత్తమ్మ భుజం పట్టుకుని నిలబడ్డాను. ఆమెకు ఇంకా ఏమీ చెప్పలేదు.

"కళ్ళు మూసుకోండమ్మా," అన్నాడు డాక్టరు సూది తీసుకుని. "నొప్పి తెలిస్తే చెప్పండి."

చూపుడువేలి కొసన గుచ్చాడు. "తెలుస్తోందా?"

"లేదండి."

వేలి మొదట్లో గుచ్చాడు. లేదండి అంది. అరచేతిలో గుచ్చాడు. లేదండి అంది. గొంతులో హుషారు వస్తోంది. బాగయ్యానని డాక్టరుకు నిరూపిస్తున్నాననుకుంటోంది. అబ్బా అను అత్తమ్మా, అని నాలో నేను వేడుకుంటున్నాను. నన్ను తిట్టినట్టు ఆ డాక్టర్ని తిట్టు, చెయ్యి లాక్కో. డాక్టరు ఆమె మొహంలోకి చూడటం మానేశాడు. సూది మణికట్టు దాటింది.

"ఇక్కడ?" అన్నాడు.

"అసలు నొప్పే లేదండి," అంది అత్తమ్మ, కళ్ళు మూసుకునే నవ్వుతూ.