గట్టున నిలిచిన మిర్యాము

గ్రీష్మము తన తుది యెండలను కృష్ణాతీరపు టిసుకతిన్నెలపై పఱచి వీడ్కొన సమకట్టుచుండగా పడమట తొలకరిమేఘ మొక్కటి నీలకంబళపు తునుకవలె దోచుచున్న ప్రాతఃకాలమున కరకట్టకు దిగువనున్న యొక చిన్నయింటి పందిరినీడ గూర్చుండి యెస్తేరమ్మ యను వృద్ధురాలు నానిన పాతకాగితములను మెంతులతో గలిపి రుబ్బిన ముద్దను తాటియాకుల బుట్టకు బూయుచుండెను. వంకరవోయిన యామె వ్రేళ్లు అల్లికనడుమ సందులను వెదకి వెదకి పూడ్చుచుండగా మెంతుల చేదువాసన వాకిలియంతయు నిండెను.

ఆమె మోకాలి కానుకొని కూర్చున్న మనుమరాలు తబితయు చిటికెడు ముద్ద దీసికొని పూయుచుండెను. పుట్టువుతోడనే వినికిడి లేని యా బాలికకు నాయనమ్మ పెదవులును తల్లి కన్నులును దక్క వేఱుభాష తెలియదు. ఊరిబడిలో వెనుకబల్లపై గూర్చుండి తక్కినవారు నవ్వినపుడు తానును నవ్వుట యొక్కటే యామె విద్య. పట్టణమున నిట్టి పిల్లలకు వసతిబడి కలదనియు నచట చేతులతో మాటలాడుట నేర్పుదురనియు సంఘకాపరి చెప్పగా నిరుడు తల్లి కరుణమ్మ బిడ్డను గేటుదాక దోడుకొనిపోయి చేయి విడువజాలక మరుబస్సునకే మరలివచ్చెను. ఈ యేడు దాటినచో వయసు మీఱినదని చేర్చుకొనజాలమని బడివారు తెలిపిరి. తెల్లవారిన పయనము.

కోడలి గుండె నిబ్బరించుటకై యెస్తేరమ్మ యా వేసవియంతయు బైబిలులోని విశ్వాసుల కథలు చెప్పుచు వచ్చెను. ఎక్కడికో యెఱుగకయే బయలుదేరిన అబ్రాహాము కథ యైనది. కడుపుపంటను మందిరమున విడిచివచ్చిన హన్నా కథ యైనది. నేడు రాజు చంపించునను భయమున బిడ్డను నదిపై విడిచిన మోషేతల్లి యోకెబెదు వంతు వచ్చెను.

“ఆ నదినిండా మొసళ్ళే కరుణా. అయినా యోకెబెదు జమ్ముపెట్టెకి సందు లేకుండా తారు పూసి అప్పుడు గదా బిడ్డని నీళ్ళమీద పెట్టింది. మన చేతనైంది మనం పూయాల. ఆనక చెయ్యి తియ్యాల. రెండూ విశ్వాసమే.”

బియ్యము చెరుగుచున్న కరుణమ్మ చేటను నేలబెట్టెను.

“ఎప్పుడు చూసినా బిడ్డల్ని వదిలేసినోళ్ళ కథలే చెబుతావేందత్తా? ఒళ్ళో పెట్టుకున్నోళ్ళ కథ ఒక్కటన్నా లేదా బైబిల్లో?”

“ఉంటే నేనెందుకు దాచుకుంటానే పిచ్చిదానా?”

“సరే, ఆయమ్మ వదిలింది. గట్టుమీద ఆ బిడ్డ అక్క మిర్యాము నిలబడి చూస్తా ఉండె గదా. నా పిల్లకి చీకట్లో భయమేస్తే అమ్మా అని పిలవటం గూడా రాదు. దానికెవరున్నారు గట్టుమీద?”

“దేవుడున్నాడే.”

“మోషేకీ ఉన్నాడు గదా దేవుడు. మళ్ళీ మిర్యామునెందుకు నిలబెట్టాడంట?”

ఎస్తేరమ్మ చేయి బుట్టపై నాగిపోయెను. ఇన్నేండ్లు ఆదివారపుబడిలో నెందఱో పిల్లలకు జెప్పిన కథయే యైనను ఈ ప్రశ్న నామె నెవ్వరును అడిగియుండలేదు. ఇరువురి మొగములను మార్చి మార్చి చూచుచున్న తబిత యంతలో నాయనమ్మ ముక్కునకు మెంతిముద్ద పూసెను. అత్తాకోడండ్రు నవ్విరి.

మరునాటి యుదయమున నారిన బుట్టలో తబిత గౌనులు మడతలువడి యుండెను. తండ్రి నతానియేలు పెట్టె నెత్తికెత్తుకొని వాకిట నిలిచెను. కరుణమ్మ గడపలోపల బిడ్డ మణికట్టును బట్టుకొని కదలకుండెను. అంతలో నెస్తేరమ్మ చంకను మూటయు పిడికిట నిమ్మకాయయు ధరించి లోపలినుండి వచ్చెను. బస్సుపొగ సోకినంతనే కడుపు దేవి సొమ్మసిల్లెడి యా వృద్ధురాలు కాపురమునకు వచ్చినది మొదలు కరకట్ట దాటి యెఱుగదు.

“నువ్వెక్కడికత్తా? బస్సు హారను వింటేనే కక్కుకుంటావే!”

“బడి గేటెదురుగానే మా మేనత్త ఇల్లు గదా,” యని నతానియేలు నేలచూపులతో బలికెను. “పిల్ల కుదురుకునేదాకా అమ్మ అక్కడుంటదంట. రోజూ సాయంత్రం లోపలికెళ్ళి చూసొచ్చేదానికి నిన్ననే కాపరయ్య ఫోనులో బడోళ్ళని అడిగి ఒప్పించాడు.”

“డెబ్బయ్యేళ్ళ మిర్యామా!” యనుచు కరుణమ్మ నవ్వబోయి యేడ్చెను.

వేసవియంతయు కథలు చెప్పిన యెస్తేరమ్మ నిమ్మకాయ నొకమాఱు మూర్కొని మెట్టు దిగి మెల్లమెల్లగా కరకట్ట యెక్కి పైన నిలిచి యింటివైపు మొగమై చూచుచుండెను. ఉదయార్కుని వెలుగున నామె గూనివీపును తెల్లకోకయు గట్టుమీద నాటిన గుంజవలె నిశ్చలముగా నుండెను.

కరుణమ్మ బుట్ట నందుకొని దాని యడుగున వ్రేలితో దడవి చూచెను. ఎచ్చటను సందు లేదు. అత్త పూసిన పూతనడుమ చిన్నవ్రేలి గుర్తులు గొన్ని యెండి గట్టిపడి యుండెను. ఆమె బుట్టను బిడ్డ తల కెత్తి మణికట్టుపైనుండి తన వ్రేళ్లను ఒక్కొక్కటిగా విప్పుకొనెను.

తబిత తల్లి కన్నులలోనికి జూచెను. అక్కడ చదువవలసినది చదువుకొని గట్టుమీద నిలిచిన యా తెల్లకోకను గుఱిగా నుంచుకొని గడప దాటెను.