సాజవా ఒడ్డున పెద్ద మంట

మూడో అంతస్తులో ఉన్న తన ఇంటికి ఎక్కేసరికి హెడ్వికాకి ఊపిరి ఆడేది కాదు. ఒళ్ళు తగ్గించుకోమన్నాడు డాక్టరు. చెప్పడానికి ఆయనకేం, ప్రాగ్‌లో ట్రాములు కడిగే జీతానికి జిమ్ములో అద్దం కూడా చూసుకోనివ్వరు.

“ఏమే, నాతో అడవికి రా. అక్కడ గాలి ఊరికే ఇస్తారు” అంది డిపోలో తనతోపాటు పనిచేసే బ్లాంకా.

బ్లాంకా ట్రాంపు. అంటే, శుక్రవారం సాయంత్రమయ్యేసరికి పాత సైనిక సంచీ ఒకటి తగిలించుకుని, రైలెక్కి, సాజవా నది ఒడ్డున ఆరుబయట పడుకునే రకం. అలాంటివాళ్ళ గుంపు ఒకటుంది, దానికి పెద్ద క్విడో. కౌబాయ్ సినిమాల్లో పోలీసు పెద్దని పిలిచినట్టు అందరూ షెరీఫ్ అంటారు. డెబ్బయ్యేళ్ళ మనిషి, నోటికి అదుపు లేదు.

“ఈ పట్నం బొమ్మని ఎక్కణ్ణించి పట్టుకొచ్చావే?” అన్నాడు, వెళ్ళిన మొదటి రోజే హెడ్వికా మొహం మీద.

ఆ మాటకి ఆమెకి ఒళ్ళు మండింది. మండటమే మంచిదైంది. వేసవంతా దుంగలు మోసింది, గొడ్డలి పట్టడం నేర్చుకుంది, చన్నీళ్ళలో ఈదింది. మొదట్లో ఒళ్ళు హూనమైపోయేది. పోనుపోను కాళ్ళు చెప్పిన మాట వినసాగాయి. ఖర్చల్లా రైలు టికెట్టూ, పాత సామాన్ల సంతలో కొన్న సంచీనూ.

సన్నబడటం సంగతి ఆమె ఎప్పుడో మర్చిపోయింది. ఇప్పుడు కావలసింది ఆ గుంపువాళ్ళు చొక్కా భుజం మీద కుట్టుకునే గుడ్డబిళ్ళ. ఇన్నేళ్ళలో ఆమెని తమలో ఒకతి అనుకున్నవాళ్ళు ఎవరూ లేరు మరి.

బిళ్ళ ఊరికే రాదు. సెప్టెంబరులో వేసే పెద్ద మంటని కొత్తవాళ్ళు ఒకే ఒక్క అగ్గిపుల్లతో, కాగితం ముట్టకుండా వెలిగించాలి. వెలిగాక ఆ మంట వాళ్ళకి దేవుడితో సమానం. కట్టె తప్ప ఇంకేదీ అందులో పడకూడదు.

ఆ రోజు పొద్దుట్నుంచీ వాన. సాయంత్రానికి తెరిపిచ్చింది. ఇట్టే అంటుకునే భూర్జచెట్టు బెరడుని తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి చొక్కా లోపల దాచుకుంది హెడ్వికా. అది తీసి, సన్నటి పుల్లల కింద పెట్టి, అగ్గిపుల్ల గీసింది. బెరడు చిటపటమంది. మంట లేచింది. అందరూ పాటెత్తుకున్నారు. హెడ్వికా సంతోషం పట్టలేకపోయింది. ఆ ఊపులో చేతిలోని ప్లాస్టిక్ సంచిని ఉండ చుట్టి మంటలోకి విసిరేసింది.

పాట ఆగిపోయింది.

“అయ్యో, ఎంత పని చేశావే!” అంది బ్లాంకా.

క్విడో నోరు తెరిచేలోగా హెడ్వికా సంచీ భుజాన వేసుకుని, గట్టెక్కి స్టేషను దారి పట్టింది. వేసవంతా పడ్డ కష్టం బూడిదలో పోసినట్టయింది. సిగ్గుతో చచ్చిపోయింది. ఏడుస్తూనే చకచకా నడిచింది.

“ఆగవే! నీ నడక తగలెయ్య, ఆగు!”

తిరిగి చూస్తే క్విడో. మోకాళ్ళ మీద చేతులు ఆనించి రొప్పుతున్నాడు.

“చెత్త వేస్తే శిక్ష అందరి అంట్లూ తోమడం. వెళ్ళిపొమ్మని ఎవడన్నాడు?”

“మంట మైలపడిపోయింది కదండీ.”

“మంట సంగతి తర్వాత, ముందు నా గుండె ఆగేట్టుంది. ఈ గట్టు మీద నన్ను ఇంత వెనక్కి నెట్టినవాళ్ళు లేరు.” జేబులోంచి బిళ్ళ తీసి ఆమె చేతిలో కుక్కాడు. “తీసుకో. నీ వెనక ఇంకోసారి పరిగెత్తే ఓపిక నాకు లేదు. పద, మనవాళ్ళు ఎదురుచూస్తున్నారు.”

మనవాళ్ళు అన్న మాట వినేసరికి హెడ్వికాకి మళ్ళీ ఏడుపొచ్చింది. ముసలాయన చెయ్యి పట్టుకుని, మెల్లగా కిందికి దింపుకుంటూ వచ్చింది.